సబ్‌వూఫర్ పెట్టాక బండి గుంయ్‌మంటోందా? ఏఎన్‌సీని ఎక్కడ ఆపాలి, ఎలా ఆపాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. బండి 2014 హోండా అకార్డ్ ఈఎక్స్, 2.4 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్, సీవీటీ (మెట్లుగా కాకుండా జారుడుగా నిష్పత్తి మారే ఆటోమేటిక్ గేర్‌బాక్స్). డిక్కీలో 12 అంగుళాల సబ్, దానికో మోనో ఆంప్ (సబ్‌ని నడిపే యాంప్లిఫయర్) పెట్టించారు. సిగ్నల్‌ని వెనక స్పీకర్ల వైర్ల మీంచి లైన్ అవుట్‌పుట్ కన్వర్టర్‌తో (స్పీకర్ సిగ్నల్‌ని ఆంప్‌కి పనికొచ్చే చిన్న సిగ్నల్‌గా మార్చే పెట్టెతో) తీశారు. వెనక మఫ్లర్ (సైలెన్సర్) కూడా మారింది. ఇప్పుడు పాట ఆపేసినా, వాల్యూమ్ సున్నాకి తెచ్చినా 1,400–1,600 ఆర్‌పీఎం మధ్య సబ్ దానంతటదే గుంయ్‌మని మోగుతోంది. ఇంజన్ శబ్దాన్ని స్పీకర్లతో అణచే యాక్టివ్ నాయిస్ క్యాన్సిలేషన్, అంటే ఏఎన్‌సీ, ఆపేయాలని ఎవరో చెప్పారు. ఫ్యూజ్ పీకితే సరిపోతుందా, ఇంకేమైనా పాడవుతుందా అని అడిగారు.

ముందు జవాబు: ఫ్యూజ్ పీకొద్దు, ఏ వైరూ కత్తిరించొద్దు. ఏఎన్‌సీ మాడ్యూల్ కనెక్టర్ ఊడదీయండి. అది చేతికందే చోట లేకపోతే రూఫ్‌లో ఉన్న ఏఎన్‌సీ మైకుల కనెక్టర్లు అన్నీ తీయండి, ఒక్కటి తీసి ఊరుకోవద్దు. ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ దీనితో సంబంధం లేదు, వాటికేమీ కాదు. సబ్‌లో మోత పోతుంది. అయితే తక్కువ ఆర్‌పీఎంలో ఇంజన్ సహజంగా చేసే బరువైన శబ్దం ఇన్నాళ్లూ మీకు వినిపించలేదు, అది ఇప్పుడు వినిపిస్తుంది. కొత్త మఫ్లర్ మోత ఉంటే అదీ బయటపడుతుంది. ఈ రెంటినీ ఒప్పుకునే పనిలోకి దిగండి.

ఇక ఇది ఎందుకొస్తుందో తెలుసుకుంటే పరీక్షలు చేయడం తేలిక.

మీ ఇంజన్‌లో క్రాంక్ ఒక చుట్టు తిరిగేలోపు రెండు సిలిండర్లలో ఇంధనం మండుతుంది. కాబట్టి క్యాబిన్‌లోకి వచ్చే ప్రధాన శబ్దం ఫ్రీక్వెన్సీ ఆర్‌పీఎంని 30తో భాగిస్తే వస్తుంది. 1,500 దగ్గర 50 హెర్ట్జ్, 2,000 దగ్గర సుమారు 67, 2,400 దగ్గర 80, 3,000 దగ్గర 100. వి6 అయితే 20తో భాగించాలి. హోండా వి6 సగం సిలిండర్లు ఆపి మూడింటి మీద నడిచేటప్పుడు 40తో భాగించాలి, అంటే 2,000 ఆర్‌పీఎంలో 50 హెర్ట్జ్. 2003లో జపాన్‌లో వచ్చిన హోండా ఇన్‌స్పైర్ వి6లో సిలిండర్లు ఆపే ఏర్పాటూ, ఏఎన్‌సీ కలిసే రావడానికి కారణం ఇదే. మూడు సిలిండర్ల మీద నడిచే ఇంజన్ బూమ్‌మంటుంది, ఆ బూమ్‌ని స్పీకర్లతో అణచాలి. సీవీటీ బండ్లదీ అదే దారి. మైలేజీ కోసం గేర్‌బాక్స్ ఇంజన్‌ని 1,200–1,500 దగ్గరే నొక్కి ఉంచుతుంది. అప్పుడు పుట్టే 40–50 హెర్ట్జ్ శబ్దాన్ని తగ్గించే బాధ్యత ఏఎన్‌సీది.

మాడ్యూల్ ఇంజన్ నుంచి ఆర్‌పీఎం తీసుకుంటుంది. ఆ ఫ్రీక్వెన్సీలో సరిగ్గా తలకిందులైన తరంగాన్ని తయారుచేసి బండి స్పీకర్లలోకి పంపుతుంది. రూఫ్‌లో ఉన్న మైకులతో ఇంకా ఎంత మిగిలిందో వింటూ, మిగిలినదాన్ని బట్టి తన తరంగం బలాన్నీ దశనీ (ఫేజ్, అంటే తరంగం ఎప్పుడు పైకి, ఎప్పుడు కిందికి వెళ్తుందన్న లెక్క) క్షణక్షణం సర్దుకుంటుంది. పాట ఆగినా, రేడియో ఆపేసినా ఈ పని ఆగదు. మీకు వాల్యూమ్ సున్నాలో కూడా మోత వినిపించేది అందుకే.

అసలు కీలకం ఇక్కడుంది. తన స్పీకర్ నుంచి తన మైకు దాకా శబ్దం ఎంత ఆలస్యంగా, ఎంత బలంగా చేరుతుందో కంపెనీ కొలిచి ఆ లెక్కని మాడ్యూల్‌లో ముందే రాసి పెడుతుంది. ఆ దారి మారలేదన్న నమ్మకం మీదే సర్దుబాటంతా నడుస్తుంది. నిజమైన దారికీ, రాసి ఉన్న లెక్కకీ మధ్య దశ తేడా 90 డిగ్రీల లోపు ఉన్నంత వరకు అది నెమ్మదిగానైనా శబ్దాన్ని తగ్గిస్తుంది. 90 దాటిందంటే తగ్గించాలనుకుని పెంచుతుంది. పెరిగిన శబ్దం మైకులో వినిపిస్తుంది, ఇంకా గట్టిగా పంపుతుంది, అది ఇంకా పెరుగుతుంది. మీ సబ్‌లో గుంయ్‌మనే మోత రెండు మూడు సెకన్లలో ఉబ్బుకుంటూ రావడం గమనించే ఉంటారు. అది ఈ చుట్టే.

మీ బండిలో ఆ దారిని మార్చినవి ఒకటి కాదు.

మొదటిది, సిగ్నల్ తీసిన చోటు. వెనక స్పీకర్ వైర్లలో పాటతో పాటు ఏఎన్‌సీ తరంగం కూడా ఉంది. చిన్న స్పీకర్ కోసం లెక్కేసిన ఆ 50 హెర్ట్జ్ తరంగాన్ని మీ కన్వర్టర్ పట్టుకుని మోనో ఆంప్‌కి, అక్కణ్ణుంచి 12 అంగుళాల సబ్‌కి ఇస్తోంది. మాడ్యూల్ చెంచాడు పోశాననుకుంటోంది, క్యాబిన్‌లో బకెట్ కుమ్మరిస్తోంది.

రెండోది దశ. మోనో ఆంప్‌లో లో పాస్ ఫిల్టర్ (తక్కువ స్వరాల్నే పోనిచ్చేది) ఆక్టేవ్‌కి 24 డీబీ వాలుతో, 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి ఉంటే ఆ 80 హెర్ట్జ్ దగ్గరే దశ 180 డిగ్రీలు తిరిగిపోతుంది. 12 డీబీ వాలైతే 90. ఆంప్ మీద ఫేజ్ స్విచ్ 180లో ఉంటే ఇంకో 180. మధ్యలో డీఎస్‌పీ (సిగ్నల్‌ని డిజిటల్‌గా సర్దే ప్రాసెసర్) ఉంటే ఆలస్యం కూడా కలుస్తుంది. 3 మిల్లీసెకన్ల ఆలస్యం 50 హెర్ట్జ్ దగ్గర 54 డిగ్రీలే, అదే 80 హెర్ట్జ్ దగ్గర 86 డిగ్రీలు. ఒకే డీఎస్‌పీ ఉన్న బండి 1,500 ఆర్‌పీఎంలో బుద్ధిగా ఉండి 2,400 దగ్గర మోత మొదలుపెట్టడానికి కారణం ఇది. మోత ఏ ఆర్‌పీఎంలో వస్తోందో రాసిపెట్టుకోమని అడిగేది ఇందుకే.

సబ్ లేకపోయినా ఇదే జబ్బు రావచ్చు. తలుపుల్లో స్పీకర్లు మార్చేటప్పుడు ఒకదానికి ప్లస్, మైనస్ తారుమారైతే ఆ స్పీకర్ వరకు నేరుగా 180 డిగ్రీల తేడా. పాటలో బేస్ కాస్త పల్చబడుతుందంతే, చాలామంది పట్టించుకోరు. ఏఎన్‌సీ మాత్రం తలకిందులవుతుంది. 1.5 వోల్టుల పెన్సిల్ సెల్‌ని స్పీకర్ వైర్లకి క్షణం పాటు తాకించి చూడండి. ప్లస్‌ని ప్లస్‌కి తాకిస్తే కోన్ బయటికి రావాలి. లోపలికి పోతే తారుమారైనట్టే. ఈ పరీక్ష చేసేటప్పుడు వైర్లు రేడియో నుంచి విడిగా ఉండాలి, సెల్ కరెంటు రేడియోలోకి పోకూడదు. కొత్త స్పీకర్లు పెట్టించుకున్న ఎవరైనా ఏఎన్‌సీని ఆపే ముందు ఇది చూసుకోవాలని నా గట్టి సలహా. తప్పు ఇక్కడే తేలిపోతే, ఆపాల్సిన అవసరమే ఉండదు.

ఇప్పుడు మోత నిజంగా ఏఎన్‌సీదేనా అని తేల్చుకుందాం. ఆర్‌పీఎంతో పాటు మారే ప్రతి శబ్దమూ ఏఎన్‌సీ కాదు.

బండిని పార్కింగ్‌లో నిలిపి, ఆంప్ దగ్గర ఆర్‌సీఏ తీగలు (కన్వర్టర్ నుంచి ఆంప్‌కి సిగ్నల్ తెచ్చేవి) తీసి, ఇంజన్‌ని మోత వచ్చే ఆర్‌పీఎంకి తెచ్చి వినండి. ఆర్‌సీఏ తీసినా సబ్ గుంయ్‌మంటుంటే తప్పు ఆంప్‌లోనో ఎర్త్‌లోనో ఉంది, ఏఎన్‌సీని వదిలేయండి. మోత ఆగిందంటే సిగ్నల్ రేడియో వైపు నుంచే వస్తోంది. తిరిగి తగిలించి ఇప్పుడు మైకుల కనెక్టర్లు తీసి చూడండి (తీసే పద్ధతీ, జాగ్రత్తలూ కింద ఉన్నాయి, ముందు అవి చదవండి). అప్పుడూ ఆగితే ఏఎన్‌సీయే. ఆర్‌పీఎం పెంచే కొద్దీ సన్నగా, పిల్లనగ్రోవిలా పైకి లేచే ఈల శబ్దం ఆల్టర్నేటర్‌ది. దానికి మందు ఎర్త్ బోల్టు దగ్గర పెయింట్ గీకడం. ఏఎన్‌సీ మోత ఎప్పుడూ బరువుగా, చెవికంటే ముందు ఛాతీకి తగిలేలా ఉంటుంది.

ఫోన్‌లో స్పెక్ట్రాయిడ్ లాంటి స్పెక్ట్రమ్ యాప్ ఉంటే పని ఇంకా తేలిక. పక్క సీట్లో ఒకరిని కూర్చోబెట్టి చూడమనండి, నడిపేవారు చూడొద్దు. 1,500 ఆర్‌పీఎం దగ్గర 50 హెర్ట్జ్‌లో ఒకే ఒక సన్నటి శిఖరం నిలబడాలి, ఆర్‌పీఎం కదిలితే అదీ కదలాలి. ఖాళీ రోడ్డు మీద అదే వేగంలో ఆర్‌పీఎం మార్చి చూడండి. సీవీటీలో స్పోర్ట్ మోడ్‌లోకి వేస్తే వేగం మారకుండానే ఆర్‌పీఎం లేస్తుంది. శిఖరం ఆర్‌పీఎంతో జరిగితే ఇంజన్ లేదా ఏఎన్‌సీ. జరగకుండా వేగంతోనే ఉంటే టైరు, వీల్ బేరింగ్ చూసుకోవాలి.

ఇంకో గుర్తు కూడా ఉంది. పాట వింటుంటే బేస్ కొన్ని ఆర్‌పీఎంలలో మింగేసినట్టు పోయి మళ్లీ వస్తుందా? 2,000 ఆర్‌పీఎంలో ఏఎన్‌సీ 67 హెర్ట్జ్ చుట్టుపక్కల కాపలా కాస్తుంటుంది. పాటలో అదే స్వరం పడితే దాన్ని కూడా ఇంజన్ శబ్దమే అనుకుని అణచబోతుంది. సబ్ ట్యూనింగ్ ఎంత చేసినా కుదరడం లేదని తిరిగేవాళ్లలో కొందరి బాధ ఇదే.

పనిలోకి వద్దాం.

ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి, కనీసం మూడు నిమిషాలు ఆగండి. రూఫ్ అంచుల వెంట, పిల్లర్ల లోపల కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉంటాయి. ఇది లాంఛనం కోసం చెప్పే మాట కాదు. బ్యాటరీ తీశాక కొన్ని హోండాల్లో రేడియో కోడ్ అడుగుతుంది, ముందే దగ్గర పెట్టుకోండి. అద్దాల ఆటో కూడా మళ్లీ సెట్ చేసుకోవాల్సి రావచ్చు.

మాడ్యూల్ ఎక్కడుందో ఊహించి డాష్ అంతా విప్పకండి. ఒకే మోడల్‌లో ట్రిమ్‌ని, అంటే ఈఎక్స్, ఈఎక్స్-ఎల్ లాంటి రకాన్ని, బట్టి చోటు మారుతుంది. విడి పెట్టెగా ఉందా, ఆంప్‌లోనే కలిసి ఉందా అన్నది కూడా మారుతుంది. ఈఎక్స్‌కి పనికొచ్చిన వీడియో ఈఎక్స్-ఎల్‌కి పనికిరాకపోవచ్చు, ఎందుకంటే దాంట్లో సబ్, వేరే ఆంప్ కంపెనీ నుంచే వస్తాయి. అమెరికాలో ఉన్నారు కాబట్టి మీకో సౌకర్యం ఉంది. హోండా తన సర్వీస్ మాన్యువల్ సైటుని ఒక్కరోజు చందాకి కూడా ఇస్తుంది. మీ విన్ నంబర్‌తో (బండి గుర్తింపు సంఖ్యతో) ‘యాక్టివ్ నాయిస్ కంట్రోల్’ సర్క్యూట్ బొమ్మ, కనెక్టర్ పిన్నుల బొమ్మ, పెట్టె ఉన్న చోటు, ఈ మూడూ దింపుకోండి. ఆ ఒక్కరోజు ఖర్చు విరిగిన ఒక డాష్ క్లిప్పుల సెట్టు కంటే ఎక్కువేం కాదు.

పెట్టె దొరికాక కనెక్టర్ తీసే ముందు ఒక్క సంగతి తేల్చుకోవాలి. స్పీకర్ల సిగ్నల్ ఆ పెట్టెలోంచి వెళ్తోందా, లేక పెట్టె పక్కనుంచి మాత్రమే తన తరంగాన్ని కలుపుతోందా? పక్కనుంచి కలిపే రకమైతే కనెక్టర్ తీయగానే పని అయిపోతుంది. పెట్టెలోంచే వెళ్లే రకమైతే కనెక్టర్ తీయగానే స్పీకర్లు మూగబోతాయి. రెండో రకం వేరే కంపెనీల బండ్లలో ఎదురవుతుంది, మీ బండి ఏ రకమైనా పరీక్ష ఒకటే. కనెక్టర్ తీసి, బ్యాటరీ తగిలించి, రేడియో పెట్టి, ఫేడర్‌నీ బ్యాలెన్స్‌నీ నాలుగు మూలలకీ తిప్పి ప్రతి స్పీకరూ పలుకుతోందో లేదో వినండి. అన్నీ పలికితే కనెక్టర్‌ని గుడ్డ టేపుతో చుట్టి, పక్కనున్న వైర్ల కట్టకి జిప్ టై వేసి వదిలేయండి. టేపు చుట్టకపోతే ఆ ప్లాస్టిక్ ముక్క గుంతల్లో టకటకలాడుతుంది. దాన్ని వెతకడానికి మళ్లీ డాష్ విప్పాలి.

మూగబోతే జంపర్ వేయాలి. మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి, తీసిన కనెక్టర్‌లో బండి వైపు పిన్నుల్ని జతలుగా కొలవండి. ఈ కొలత తీసేటప్పుడు రేడియో ఆపి ఉండాలి. 4 ఓమ్‌ల స్పీకర్ ఉన్న జత మీటర్‌లో 3.2 నుంచి 3.7 దాకా చూపిస్తుంది. అవి స్పీకర్ వైపు వెళ్లే తీగలు. రేడియో వైపు నుంచి వచ్చే తీగల్ని గుర్తుపట్టడానికి రేడియో వేసి డీసీ వోల్ట్‌లలో బాడీ ఎర్త్‌కీ పిన్‌కీ మధ్య కొలవండి. రేడియో లోపలి ఆంప్ అవుట్‌పుట్‌లు బ్యాటరీలో సగం దగ్గర, అంటే సుమారు 6 వోల్ట్‌ల దగ్గర నిలబడతాయి. ఆ పిన్నుల్ని ఎప్పుడూ ఎర్త్‌కి తాకించొద్దు, రేడియోలో ఆంప్ చిప్ పోతుంది. జతలు తెలిశాక మాన్యువల్ బొమ్మతో సరిచూసుకుని, ముందు ఎడమ ప్లస్‌ని ముందు ఎడమ ప్లస్‌కి, మైనస్‌ని మైనస్‌కి అని 18 గేజ్ వైరుతో కలపండి. సోల్డర్ చేసి హీట్ ష్రింక్ వేయండి. బండి కనెక్టర్‌ని కత్తిరించకుండా దానికి సరిపోయే మగ కనెక్టర్ కొని అందులో జంపర్లు కడితే ఇంకా మంచిది. బండి అమ్మేటప్పుడు దాన్ని పీకి పెట్టెని మళ్లీ తగిలించవచ్చు.

ఒక్క స్పీకర్ జతా కనిపించకపోతే, ఆ పెట్టె లైన్ లెవెల్‌లో రేడియోకి సిగ్నల్ ఇస్తోందన్నమాట. స్పీకర్లన్నీ పలుకుతుంటే తీసేసి ఊరుకోవచ్చు.

ఇక ఫ్యూజ్ ఎందుకు వద్దంటున్నానంటే, ఏఎన్‌సీకి తనదంటూ ఫ్యూజ్ ఉండటం అరుదు. రేడియోతోనో, ఇంకో మాడ్యూల్‌తోనో కలిసి ఉంటుంది. అది పీకితే ఇంకేదో ఆగుతుంది. ఫ్యూజ్ తీసినా పెట్టె తీగలకి తగులుకునే ఉంటుంది. సిగ్నల్ అందులోంచి వెళ్లే రకమైతే కరెంటు లేని పెట్టె స్పీకర్లని మూగగా పెడుతుంది.

మైకుల దారి ఎంచుకుంటే ముందు మైకు మ్యాప్ లైటు చుట్టుపక్కల, వెనక మైకు రూఫ్ లైనింగ్ వెనక భాగంలో వెతకండి. లైనింగ్‌లో గోరంత జల్లెడ గ్రిల్ కనిపిస్తుంది. మ్యాప్ లైటు పెట్టె క్లిప్పులతో కిందికి వస్తుంది, ప్లాస్టిక్ ట్రిమ్ టూల్ వాడండి, స్క్రూడ్రైవర్‌తో లైనింగ్ మీద గాట్లు పడతాయి. పిల్లర్ మీది ప్లాస్టిక్ కప్పు లాగే అవసరం దాదాపు రాదు. రాబోతే ఆగి మాన్యువల్ చూడండి, ఎందుకంటే అక్కడ ఎయిర్‌బ్యాగ్ ఉంది. మ్యాప్ లైటు దగ్గరే ఫోన్ మాట్లాడే మైకు కూడా ఉంటుంది. రెండూ ఒకేలా కనిపిస్తాయి. తీశాక ఎవరికైనా ఫోన్ చేసి మీ గొంతు వెళ్తోందా అడగండి. ఎస్‌ఓఎస్ బటన్ ఉన్న బండ్లలో అత్యవసర కాల్‌కి కూడా అదే మైకు కావచ్చు, పొరపాటున అది తీసి వదిలేయడం ప్రమాదం.

మైకు తీగని కత్తిరించి గాలికి వదిలేయడం కూడా తప్పే. మైకుకి మాడ్యూల్ నుంచి కొన్ని వోల్ట్‌ల డీసీ వెళ్తుంది. కనెక్టర్ శుభ్రంగా తీస్తే మాడ్యూల్ ఆ కరెంటు ఆగడం గుర్తించి, చాలా బండ్లలో తప్పు కోడ్ నమోదు చేసుకుని తనంతట తానే ఆగిపోతుంది. కత్తిరించిన తీగ చివర్లు ఒకదానికొకటి తాకితే, లేదా పక్కనున్న తీగల హమ్‌ని పట్టుకుంటే మాడ్యూల్‌కి తప్పుడు శబ్దం వినిపిస్తుంది, దానికి తగ్గట్టు ఆడుతుంది. ఒకే మైకు తీసి వదిలేస్తే ఇంకోదాన్ని నమ్ముకుని పని కొనసాగించే మాడ్యూల్స్ కూడా ఉన్నాయి. వెనక సీట్లో మోత తగ్గి ముందు సీట్లో మిగిలిపోయిందని చెప్పేవాళ్లు సాధారణంగా ఇదే చేసి ఉంటారు.

తప్పు కోడ్ అన్నాను కదా, భయపడకండి. అది ఆడియో విభాగంలో ఉండే కోడ్. ఉద్గారాలకి సంబంధం లేదు కాబట్టి మామూలుగా చెక్ ఇంజన్ లైటు వెలగదు. పని అయ్యాక స్కానర్‌తో అన్ని మాడ్యూల్స్ ఒకసారి చదివి, ఏఎన్‌సీ కోడ్ తప్ప కొత్తగా ఇంకేమీ రాలేదని చూసుకోండి. ఎయిర్‌బ్యాగ్ కోడ్ ఏదైనా కనిపిస్తే మాత్రం ఆ రోజే సరిచేయించాలి.

ఇంకో సంగతి. మీ అకార్డ్‌లో శబ్దాన్ని తగ్గించేదీ, ఇంజన్ శబ్దానికి మెరుగులు దిద్దేదీ ఒకే వ్యవస్థలో ఉన్నాయి. 2013 నుంచి ఈ తరం అకార్డ్‌లకి యాక్టివ్ సౌండ్ కంట్రోల్ కూడా ఇచ్చారు. పెట్టె తీస్తే రెండూ పోతాయి. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజన్ మోటుగా వినిపిస్తే ఇంజన్‌లో ఏదో తేడా వచ్చిందనుకోకండి.

మీది కాని బండ్ల గురించి కూడా రెండు మాటలు, ఎందుకంటే ఇది చదివేవాళ్లందరివీ హోండాలు కావు.

ఫోర్డ్ ఎఫ్-150 లాంటి బండ్లలో ఏఎన్‌సీ విడి పెట్టె కాదు, ఆడియో మాడ్యూల్‌లోనో డీఎస్‌పీలోనో కలిసి ఉంటుంది. అక్కడ సైలెన్సర్ మార్చినవాళ్లు ఎక్కువగా రూఫ్ మైకులు తీసి పని గడుపుకుంటారు. ఫోర్‌స్కాన్ సాఫ్ట్‌వేర్ ద్వారా మాడ్యూల్ సెట్టింగ్‌లో ఆపే వీలు కొన్ని సంవత్సరాల మోడళ్లలో ఉంది. ఆ దారిలో వెళ్తే పాత సెట్టింగ్ ఫైలు ముందే ల్యాప్‌టాప్‌లో భద్రపరచండి. వేరే సంవత్సరం బండి కోసం ఎవరో రాసిన విలువల్ని మీ బండిలో ఎక్కించకండి. ఆ అంకె మీ మాడ్యూల్‌లో ఇంకో పనికి సంబంధించినది కావచ్చు. రాసేటప్పుడు బ్యాటరీకి ఛార్జర్ తగిలించి ఉండాలి, మధ్యలో వోల్టేజి పడితే మాడ్యూల్ మళ్లీ పనిచేయకుండా పోవచ్చు.

ఏఎన్‌సీ కంపెనీ ఆంప్‌లోనే ఉన్న ఖరీదైన ఆడియో బండ్లలో ఆంప్ తీసేయడం ఆకర్షణీయంగా కనిపిస్తుంది. తీసేస్తే సీటు బెల్ట్ గంట, పార్కింగ్ బీప్, ఫోన్ ధ్వని కూడా దానితో పోవచ్చు. ఇలాంటి చోట పీఏసీ ఆంప్‌ప్రో, ఐడేటాలింక్ మాస్ట్రో ఏఆర్ లాంటి ఇంటర్‌ఫేస్‌లు పనికొస్తాయి. ఇవి సిగ్నల్‌ని ఏఎన్‌సీ కలవకముందే తీసుకుని కొత్త ఆంప్‌లకి ఇస్తాయి. మీ మోడల్, మీ ట్రిమ్ వాళ్ల జాబితాలో ఉందో లేదో చూసుకునే కొనండి.

రోడ్డు శబ్దాన్ని తగ్గించే కొత్త రకం ఇంకోటుంది. హ్యుండై 2019 నవంబరులో ప్రకటించినది అలాంటిదే. అందులో ఆర్‌పీఎంకి బదులు చక్రాల నుంచి వచ్చే అదురుని యాక్సిలరోమీటర్లు పట్టి ఇస్తాయి. అలాంటి బండిలో మోత ఆర్‌పీఎంతో కదలదు, రోడ్డు గరుకుదనంతో మారుతుంది. పైన చెప్పిన 30తో భాగించే లెక్క అక్కడ పనికిరాదు.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలో ఏ కనెక్టర్ తీసినా ముందు ఒకటి ఖాయం చేసుకోండి. నెమ్మదిగా వెళ్లేటప్పుడు పాదచారులకి వినిపించడానికి బయటికి వచ్చే శబ్దం వేరే వ్యవస్థ. అమెరికాలో అది చట్టప్రకారం ఉండి తీరాలి. దాని జోలికి వెళ్లకూడదు.

హైదరాబాద్, విజయవాడల్లో ఇది చదివేవాళ్లకి చెప్పేదేంటంటే, మన దగ్గర ఎక్కువగా తిరిగే చిన్న కార్లలో ఏఎన్‌సీ ఉండదు. ‘నాయిస్ క్యాన్సిలింగ్ మైక్’ అని రాసి ఉంటే అది ఫోన్ మాట్లాడేటప్పుడు అవతలివాళ్లకి గాలి హోరు వినిపించకుండా చేసే సదుపాయం, ఇదీ అదీ ఒకటి కాదు. రూఫ్‌లో ముందు, వెనక విడి మైకులు లేకపోతే వెతకడం మానేసి ఎర్త్, ఆర్‌సీఏ, స్పీకర్ పోలారిటీ చూడండి.

ఏఎన్‌సీని ఉంచుకుని సబ్ కూడా కావాలా? కుదురుతుంది, నా మొదటి ఎంపిక కూడా అదే. సబ్ సిగ్నల్‌ని ఏఎన్‌సీ కలవకముందున్న చోటు నుంచి తీయాలి. తలుపు స్పీకర్లు కంపెనీ దారిలోనే ఉండాలి. వాటికి హై పాస్ ఫిల్టర్ (తక్కువ స్వరాల్ని ఆపేది) వేయకూడదు, టైమ్ అలైన్‌మెంట్ ఆలస్యం ఇవ్వకూడదు, ఎందుకంటే ఏఎన్‌సీ తరంగం ఇప్పుడు వాటి మీదే ఆధారపడుతుంది. 80 హెర్ట్జ్ దగ్గర హై పాస్ వేస్తే 50 హెర్ట్జ్ తరంగం స్పీకర్ దాకా చాలావరకు చేరదు. మాడ్యూల్ చాలలేదనుకుని ఇంకా తోస్తుంది, కోన్ మీద భారం పడుతుంది. ఇవన్నీ పాటిస్తే మోత పోతుంది. మైకు సబ్‌ని వింటూనే ఉంటుంది కాబట్టి కొన్ని ఆర్‌పీఎంలలో బేస్ కాస్త పల్చబడటం మాత్రం మిగులుతుంది. పాటలే ముఖ్యమైతే ఆపేయండి. రోజూ గంటసేపు ఫ్రీవే మీద తక్కువ ఆర్‌పీఎంలో వెళ్లేవాళ్లు, చెవి దిబ్బడ పడే స్వభావం ఉన్నవాళ్లు ఏఎన్‌సీని ఉంచుకుంటేనే హాయి.

చివరగా మీ మఫ్లర్. ఏఎన్‌సీ ఆగాక 1,800–2,200 మధ్య ఇంకా హోరు మిగిలితే అది గొట్టంలోంచి వచ్చే 60–73 హెర్ట్జ్ శబ్దం. ఇన్నాళ్లూ ఏఎన్‌సీ దాంతో కుస్తీ పడుతూ ఉండి ఉంటుంది, కంపెనీ మఫ్లర్‌కి సరిపడా బలమే దానికిచ్చారు కాబట్టి గెలవలేదు. మధ్యలో ఉండే రెజొనేటర్ (గొట్టంలో హోరుని తగ్గించే డబ్బా) తీసేశారేమో చూడండి. తీసి ఉంటే తిరిగి పెట్టించడం అన్నిటికంటే చవకైన మందు. పక్కగా మూసిన గొట్టం, జె-పైప్ అంటారు, వెల్డింగ్ చేయించమని కొందరు చెబుతారు. దాని పొడవు శబ్ద తరంగంలో నాలుగో వంతు ఉండాలి. మూసిన గొట్టంలో వాయువు 150 డిగ్రీల సెల్సియస్ అనుకుంటే ధ్వని వేగం సెకనుకి సుమారు 410 మీటర్లు, 67 హెర్ట్జ్‌కి గొట్టం మీటరున్నర దాటుతుంది. సెడాన్ అడుగున, వేడి కవచాలకీ పెట్రోల్ ట్యాంకుకీ దూరంగా, అంత పొడవుకి చోటు దొరకడం కష్టం. 100 హెర్ట్జ్ హోరుకైతే మీటరు సరిపోతుంది, అక్కడ అది చక్కగా పనిచేస్తుంది.

ముందు ఆర్‌సీఏ తీసి చూసే పరీక్ష, తర్వాత మైకుల పరీక్ష చేయండి. ఏ ఆర్‌పీఎంలో ఏ హెర్ట్జ్ శిఖరం వచ్చిందో, ఆంప్ మీద లో పాస్ ఎంత దగ్గర ఉందో, ఫేజ్ స్విచ్ ఎటు ఉందో రాయండి. ఫేజ్ స్విచ్ 180లో ఉంటే, ఏ కనెక్టరూ తీయకముందే దాన్ని సున్నాకి మార్చి ఒకసారి బండి నడిపి చూడండి.